వరద నెలల్లో పిల్లల్ని ఏరు దాటించకండి: డెల్టా స్కౌటింగ్ అధికారులకు బహిరంగ లేఖ

కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ వార్షిక క్యాలెండరును ఖరారు చేసే అధికారులకు, విద్యాశాఖ పెద్దలకు నమస్కారం.

నేను గోదావరి పాయల మధ్య ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ని, స్కౌట్ మాస్టర్ని. కిందటి ఏడాది వేసవి సెలవుల్లో మేం కొందరం స్కౌట్ మాస్టర్లం, ఆడపిల్లల గైడ్ దళాలను చూసే గైడ్ కెప్టెన్లం కలిసి ఒక వినతిపత్రం ఇచ్చాం. క్యాలెండరును బడులు తెరిచేలోపు ఇవ్వండి, వరద నెలల్లో క్యాంపులు పెట్టకండి అని మాత్రమే అడిగాం. చూద్దామన్నారు. నెల ఆగి గుర్తు చేస్తూ మళ్లీ రాశాం. జవాబు రాలేదు. క్యాలెండరు సెప్టెంబరులో వచ్చింది. అప్పటికే అయిపోయిన జులై, ఆగస్టు నెలల కార్యక్రమాలు కూడా అందులో ఉన్నాయి. మిగతా ఏడాదంతా వాట్సాప్‌లో సర్క్యులర్లు వచ్చాయి, కొన్ని రేపటి కార్యక్రమానికి ఈ రాత్రి.

ఉన్న కొద్దిమంది సిబ్బందితో మీరు ఇన్ని బడుల్ని నడిపిస్తున్నారని మాకు తెలుసు. అయినా ఈ మాట ఇక లోపల దాచుకుంటే పిల్లలకు నష్టం కాబట్టి అందరి ముందూ పెడుతున్నాం.

1. ఇక్కడ వాన లేకపోయినా వరద వస్తుంది.

పట్నంలో ఎండ కాస్తుంటుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు. అదే సమయానికి ప్రాణహిత, ఇంద్రావతి నీళ్లన్నీ కలిసి భద్రాచలం దాటి, దిగువన శబరిని కలుపుకుంటూ ఉంటాయి. అక్కడ పెరిగిన నీరు ఇంచుమించు మర్నాటికి ధవళేశ్వరం చేరుతుంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికే 10 లక్షల క్యూసెక్కులు కిందికి వదులుతుంటారు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి నీట మునిగి, ఊళ్లకు పడవలే దిక్కవుతాయి. జి.పెదపూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, ఉడిమూడిలంక పిల్లలు ఏళ్ల తరబడి ప్రతి జులైలో బాట కొట్టుకుపోయి పడవెక్కి బడికి వచ్చినవాళ్లే. "ఇక్కడ వాన లేదు కదా, పిల్లల్ని పంపడానికి మీకేం ఇబ్బంది?" అని ఫోన్‌లో అడిగినప్పుడు ఇదంతా ఎక్కణ్నుంచి మొదలుపెట్టి చెప్పాలో మాకు తోచదు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదైంది. పెద్ద వరదలు ఏ నెలల్లో వస్తాయో ఈ డెల్టాలో చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు.

2018 జులై 14 మీకు గుర్తుండే ఉంటుంది. రెండో శనివారం. ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడిలో మొక్కలు నాటే కార్యక్రమానికి వెళ్లి ఇళ్లకు తిరిగొస్తున్న పిల్లలున్న నాటుపడవ గౌతమి పాయలో కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. విద్యార్థినులు గల్లంతయ్యారు. దానికీ స్కౌటింగుకూ సంబంధం లేదు. కానీ సెలవు రోజున, వరద నెలలో, బడి కార్యక్రమం కోసం పిల్లలు ఏరు దాటాల్సిన పరిస్థితి మా ట్రూపుల్లో, అంటే బడి స్కౌట్ దళాల్లో, ఏటా వస్తూనే ఉంది. పిల్లలు అవతలి ఒడ్డున దిగారని ఫోన్ వచ్చేదాకా మాకు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

స్కౌటింగును మొదలుపెట్టిన బేడెన్ పావెల్ మొట్టమొదటి స్కౌట్ క్యాంపును 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ దీవిలో, పిల్లల్ని పెట్రోళ్లనే నాలుగు చిన్న జట్లుగా విడదీసి నడిపారు. అదీ చుట్టూ నీళ్లున్న నేలే. అయితే ఇంగ్లండులో ఆగస్టు అంటే వేసవి సెలవులు. మనకు ఆగస్టు అంటే ఏటిగట్ల మీద రాత్రి కాపలా.

వరద తగ్గితే తుపాను కాలం. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ ఏమైందో ఇక్కడి పెద్దవాళ్లలో చెప్పలేనివారు లేరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరలోనే తీరం దాటింది. అక్టోబరు, నవంబరు నెలల్లో టెంట్ల క్యాంపు పెట్టమంటే మాకున్న ఖాళీ జాగాలు కొబ్బరితోటలే. గాలి లేచిన రాత్రి కొబ్బరిచెట్టు కింద ఎవరూ పడుకోరు. కాయ పడినా ప్రమాదమే, మట్ట పడినా ప్రమాదమే. అలాంటి ఒక రాత్రి మేం పిల్లలందరినీ లేపి, దుప్పట్లు నెత్తిన వేసుకుని, తోట బయట ఉన్న ధాన్యం గోదాము అరుగు మీదికి చేర్చాం. తెల్లారి చూస్తే రెండు టెంట్ల మీద మట్టలు పడి ఉన్నాయి. ఆ టెంట్లలో పన్నెండేళ్ల పిల్లలు పడుకుని ఉన్నారు.

2. ఆలస్యంగా వచ్చే కబురుకు ముందు ఆగిపోయేది ఆడపిల్లలు.

ఎల్లుండి క్యాంపు అని ఈ రాత్రి చెబితే మగపిల్లలు ఎలాగోలా బయలుదేరతారు. ఆడపిల్లల ఇళ్లలో అలా కుదరదు. ఎవరు తోడు వస్తారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, తిరిగొచ్చేటప్పటికి ఏరు దాటించే ఆఖరి పంటు దొరుకుతుందా అని అడుగుతారు. అడగడం సబబే. ఎనిమిదో తరగతి చదివే మా గైడ్ పెట్రోల్ లీడర్ ఒకమ్మాయి, ప్రథమ చికిత్సలో వేసే ముక్కోణపు కట్టు కళ్లు మూసుకుని కూడా కట్టగలదు. స్కౌటింగులో ఒక మెట్టు అయిన ద్వితీయ సోపాన్ టెస్టింగ్ క్యాంపుకి వాళ్లమ్మ పంపలేదు. నేను ఇంటికెళ్లి అడిగితే, "పదిరోజుల ముందు చెబితే రేవు అవతల మా చెల్లెలింట్లో దింపేదాన్నండి మాస్టారూ. ఎల్లుండి పొద్దున్నే అంటే ఎలా పంపనండి? నాకు కూలికెళ్లకపోతే కుదరదు" అంది. ఆ అమ్మ మాటకు నా దగ్గర సమాధానం లేదు. సమాధానం మీ దగ్గర ఉంది.

క్యాంపు రుసుము సంగతీ అంతే. రోజుకూలీ ఇంట్లో వందల రూపాయలు రెండు రోజుల్లో పుట్టవు. జూన్‌లోనే తేదీ తెలిస్తే నెలకింత పక్కన పెట్టుకుంటారు.

3. ఒక క్యాంపు రద్దయితే ఒక పిల్లవాడి స్కౌటింగే ఆగిపోతోంది.

స్కౌటింగులో మెట్లు ఇవి: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు. ఒక్కో మెట్టు మీద నిర్ణయించినన్ని నెలలు పనిచేస్తేగాని తర్వాతి మెట్టు పరీక్షకు కూర్చోనివ్వరు. ఇది మంచి నియమమే, దాన్ని సడలించమని మేం అడగం. కానీ ఆరో తరగతిలో చేరిన పిల్లవాడికి మా బడిలో ఉండేది పదో తరగతి వరకే. ఆగస్టులో పెట్టిన టెస్టింగ్ క్యాంపు వరదకు రద్దయి, మళ్లీ ఎప్పుడో తెలియక ఫిబ్రవరి దాకా సాగితే, ఆ పిల్లవాడి తర్వాతి మెట్లన్నీ అంతే వెనక్కి జరుగుతాయి. పదో తరగతి పరీక్షలు మీదికొచ్చేస్తాయి. తృతీయ సోపాన్ దగ్గరే ఆగి బడి వదిలి వెళ్లినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. మెరక ప్రాంతాల బడుల్లో అదే ఏడాది చేరిన పిల్లలు రాజ్య పురస్కార్ పూర్తి చేశారు.

ఇది బ్యాడ్జీతో పోయే విషయం కాదు. ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్‌కి ప్రత్యేక కోటా ఉంది. రైల్వే ఉద్యోగాల్లోనూ ఉంది. లంకలో పుట్టిన పాపానికి మా పిల్లలు ఆ వరుసలో నిలబడే అవకాశం కూడా పోగొట్టుకుంటున్నారు.

4. చేలో పని ఉన్న రోజుల్లో ఊరి సేవ పెడితే ఎవరూ రారు.

నవంబరులో సార్వా, అంటే ఖరీఫ్ వరి కోతలు. డిసెంబరు ఆఖరు నుంచి దాళ్వా, అంటే రబీ వరి నాట్లు. కౌలు రైతుల ఇళ్లలో, కూలీల ఇళ్లలో పెద్దవాళ్లంతా చేల మీదే ఉంటారు, చిన్నపిల్లల్ని చూసుకునే బాధ్యత మా స్కౌట్ల మీద, గైడ్ల మీద పడుతుంది. నవంబరు 7 భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఆవిర్భావ దినం, 1950లో ఆ రోజునే సంస్థ ఏర్పడింది. జెండా ఎగరేసి, బడిలోనే జరుపుకుంటాం. ర్యాలీ పేరుతో పిల్లల్ని రోజంతా డివిజన్ కేంద్రానికి తిప్పొద్దని మనవి.

5. ఈత.

ఇంతటి నీళ్ల మధ్య బతుకుతూ మా పిల్లల్లో చాలామందికి ఈత రాదు. బయటివాళ్లు నమ్మరు, కానీ నిజం. చెరువులు పూడిపోయాయి, రొయ్యల గుంటలయ్యాయి. కాలువలో దిగితే తల్లిదండ్రులు కొడతారు. ఇక నేర్చుకునేది ఎక్కడ? వేసవిలో కాలువలు కట్టేశాక పిల్లలు నది వైపు వెళతారు. ఇసుక తవ్విన గుంటలు పైకి కనిపించవు, మోకాలి లోతు అనుకున్నచోట మనిషి లోతు ఉంటుంది. 2025 మే నెలలో ముమ్మిడివరం మండలం కమినిలంక దగ్గర స్నానానికి దిగిన ఎనిమిది మంది కుర్రాళ్లు గోదావరిలో మునిగి చనిపోయారు. స్కౌటింగులో ఈతకు ప్రత్యేకంగా బ్యాడ్జీ ఉంది. కాపాడే తాడు ఎలా విసరాలో, మునిగి తేలినవాడికి ఊపిరి ఎలా అందించాలో నేర్పే పాఠాలు ఉన్నాయి. మాకు వచ్చిన క్యాలెండరులో ఈత అనే మాట ఒక్కచోట కూడా లేదు.

ఇక ఏడాది ఎలా ఉండాలంటారా, మా పెట్రోల్ లీడర్లతో కూర్చుని వేసుకున్నది చెబుతాను.

జూన్ 12న బడులు తెరిచాక మొదటి వారాల్లో చేరికలు, పెట్రోళ్ల ఏర్పాటు. ఆ వెంటనే ప్రతి పెట్రోలు తన ఊరి పటం గీయాలి. రేవు ఎక్కడ, మెరక ఎక్కడ, తుపాను షెల్టరుకి దగ్గరి దారి ఏది, ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్లున్నారు, ఏ ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉంది. ఒక నకలు గ్రామ సచివాలయంలో ఇవ్వాలి. వరద వచ్చిన రాత్రి ముందుగా పడవ ఏ ఇంటికి వెళ్లాలో ఆ కాగితం చెబుతుంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా బడి దాటి వెళ్లే పని ఒక్కటీ వద్దు. నో బ్యాగ్ డే ఉండనే ఉంది, ముడులు, ప్రథమ చికిత్స, ఓఆర్ఎస్ కలపడం, నీళ్లలో క్లోరిన్ వేయడం బడిలోనే నేర్పుకుంటాం. ఆగస్టు 1 స్కౌట్ల స్కార్ఫ్ డే, ఆగస్టు 15 జెండా వందనం ఎలాగూ ఉంటాయి. వరద పునరావాస కేంద్రాలు పెట్టేది కూడా మా బడుల్లోనే. అక్కడ పేర్లు రాయడం, నీళ్ల ప్యాకెట్లు అందించడం, చంటిపిల్లల్ని ఆడించడం మా పిల్లలు చేయగలరు. ఆ సేవను సోపాన్ పరీక్షల్లో లెక్కలోకి తీసుకుంటే చాలు.

క్యాంపులకు మాకు దేవుడిచ్చిన కాలం డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. కోతలు అయిపోయి ఉంటాయి, తుపాన్ల భయం తగ్గుతుంది, నది తగ్గి లంకల్లో ఇసుక మేటలు బయటపడతాయి. ఆ ఇసుకలో టెంటు మేకు నిలవదు. గోనెసంచిలో ఇసుక నింపి, మెడకు తాడు బిగించి, మోచేతి లోతు గోతిలో అడ్డంగా పూడ్చి, దానికి టెంటు తాడు కట్టాలి. ఇది మా పిల్లలకు రేవులో పనిచేసే ఒక సరంగు నేర్పాడు. పడవను గుంజకు కట్టే ముడి ఆయన కాలితో నొక్కిపెట్టి ఒక్క చేత్తో వేస్తాడు. జిల్లా క్యాంపుల్లో శిక్షణకు ఇలాంటివాళ్లను పిలవండి. మెరక మీద నేర్చుకుని వచ్చిన శిక్షకులు చెప్పేది మాకు సగమే పనికొస్తుంది.

జనవరిలో కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది కల్యాణం, రథోత్సవం. ఈ జనంలో తప్పిపోయిన పిల్లల్ని చేరదీయడం, మంచినీళ్లు ఇవ్వడం మా ట్రూపులు ఇష్టంగా చేసే పని. పండక్కి బంధువులు వచ్చే ఇళ్ల పిల్లల్ని బలవంతం చేయకుండా, ఇష్టపడ్డవాళ్లనే తీసుకుంటాం. ఫిబ్రవరిలో కోరింగ మడ అడవులకు హైక్. తుపాను కెరటాన్ని మడచెట్లు ఎలా ఆపుతాయో పుస్తకంలో చదివిన పిల్లలు ఆ వేళ్లను కళ్లారా చూడాలి. ఫిబ్రవరి 22 స్కౌట్లు, గైడ్లు జరుపుకునే థింకింగ్ డే. ఆ నెలలోనే ఈత శిక్షణ కూడా పెట్టొచ్చు. మార్చి పదో తరగతి వాళ్లది, వాళ్ల జోలికి వెళ్లొద్దు. ఏప్రిల్‌లో ఊళ్లో చలివేంద్రాలు నడుపుతాం, అంతకుమించి ఎండలో తిప్పడం మంచిది కాదు.

మా డిమాండ్లు ఇవి:

ఒకటి. ఏటా మే 31 లోగా తేదీలతో సహా క్యాలెండరు బడులకు చేరాలి. ఆ తర్వాత కలిపే ఏ కార్యక్రమానికైనా కనీసం 15 రోజుల ముందు కాగితం మీద సమాచారం ఇవ్వాలి. అలా ఇవ్వని కార్యక్రమానికి పిల్లల్ని పంపలేదని ఏ ఉపాధ్యాయుణ్నీ, ఏ బడినీ తప్పు పట్టకూడదు.

రెండు. క్యాలెండరును ఖరారు చేసేముందు ఏప్రిల్‌లో మండలాలవారీగా స్కౌట్ మాస్టర్ల, గైడ్ కెప్టెన్ల సమావేశం జరగాలి. లంక మండలాల నుంచి ప్రతినిధి తప్పనిసరిగా ఉండాలి. ప్రతి ట్రూపులో పెట్రోల్ లీడర్లు కూర్చుని చేసిన తీర్మానాన్ని అక్కడ చదవాలి. పిల్లల పెత్తనం పిల్లలకే ఇవ్వడం స్కౌటింగులో మొదటి పాఠం. క్యాలెండరు దగ్గరే మనం దాన్ని పక్కన పెట్టేస్తున్నాం.

మూడు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసిన క్షణం నుంచి దాన్ని ఉపసంహరించేదాకా, డెల్టా మండలాల్లో బడి బయట కార్యక్రమాలన్నీ వాటంతటవే వాయిదా పడాలి. ఎవరూ ఎవర్నీ అనుమతి అడిగే పని ఉండకూడదు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికకూ ఇదే వర్తించాలి.

నాలుగు. ప్రతి టెస్టింగ్ క్యాంపుకి ప్రత్యామ్నాయ తేదీ క్యాలెండరులోనే అచ్చు వేయాలి, అదీ డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య. పాయకు ఇటొకటి, అటొకటి క్యాంపు స్థలాలు చూడాలి. పంటు మీద, పడవ మీద పిల్లల్ని తీసుకెళ్లాల్సి వస్తే లైఫ్ జాకెట్లు అధికారులే సమకూర్చాలి. అవి లేకుండా ఎక్కించమని మాకు చెప్పొద్దు.

ఐదు. ప్రతి మండలంలో లోతు తెలిసిన ఒక చెరువును ఎంపిక చేసి, గజ ఈతగాళ్లకు గౌరవ వేతనం ఇచ్చి, ఆడపిల్లలకు వేరుగా, మహిళా శిక్షకులతో ఈత నేర్పించాలి.

ఆరు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. ఈసారి సేవకు స్కౌట్లను పిలుస్తారని మాకు తెలుసు, పిల్లలు ఇప్పట్నుంచే అడుగుతున్నారు. పంపుతాం. కానీ ఘాట్ మెట్ల మీద, గేట్ల దగ్గర చిన్నపిల్లల్ని నిలబెట్టబోమని ముందే రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. అక్కడ స్కౌట్లలో, గైడ్లలో పెద్దవాళ్లయిన రోవర్లు, రేంజర్లు ఉండాలి. వాళ్లకు జనసమ్మర్దంలో పనిచేసే శిక్షణ ఈ డిసెంబరు నుంచే మొదలుకావాలి. పుష్కరాలకు వారం ముందు టోపీ, టీషర్టు పంచి శిక్షణ అయిపోయిందనొద్దు.

వీటిలో మొదటి మూడింటికి పైసా ఖర్చు లేదు. ఒక సమావేశం, ఒక ఉత్తర్వు సరిపోతాయి. మే నెల మొదటి వారంలోగా మాతో సమావేశానికి తేదీ చెప్పమని కోరుతున్నాం. మా ట్రూపుల తీర్మానాలు, ఊరి పటాలు, మేం వేసుకున్న క్యాలెండరు ప్రతి పట్టుకుని మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం. ఆలోగా కబురు రాకపోతే ఈ లేఖ ప్రతులను మా లంక గ్రామాల సర్పంచులకు, బడి తల్లిదండ్రుల కమిటీలకు ఇచ్చి, వాళ్ల సంతకాలతో జిల్లా కలెక్టర్లకు అందజేస్తాం. వరద నెలల్లో ఏరు దాటే కార్యక్రమాలకు మా పిల్లల్ని పంపబోమని అందులోనే రాసి ఇస్తాం.

ఇట్లు,
డెల్టా లంక గ్రామాల బడుల స్కౌట్ మాస్టర్ల, గైడ్ కెప్టెన్ల తరఫున
ఒక స్కౌట్ మాస్టర్